జిబ్రాల్టర్ అంతర తరంగాలపై పని మొదలుపెడుతున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీర్వదించి వ్రాయునది.

అట్లాంటిక్‌నూ మధ్యధరా సముద్రాన్నీ కలిపే జిబ్రాల్టర్ జలసంధిలోని అంతర తరంగాలను, అంటే నీటి లోపల తేలిక, బరువు పొరల సరిహద్దు మీద కదిలే అలలను, నీ పరిశోధనకు ఎంచుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. మన అండమాన్ సముద్రంలోనూ ఇటువంటి పెద్ద తరంగాలే ఉన్నాయి గానీ, అక్కడ అవి పుట్టే చోట్లు అనేకం. జిబ్రాల్టర్‌లో ప్రధానమైనది సముద్రపు అడుగున ఉన్న కమారినల్ గట్టు ఒక్కటే కనుక, ఉపగ్రహ చిత్రాలను కంప్యూటర్ నమూనాతో పోల్చే ఈ విద్య నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు నాకు తెలియదు.

కంప్యూటర్ ముందు కూర్చోకముందే ఆ గట్టు దగ్గర జరిగేదంతా కాగితం మీద గీసుకో. పైన అట్లాంటిక్ నీరు తూర్పుకు, అడుగున అంతకంటే ఉప్పగా, బరువుగా ఉండే మధ్యధరా నీరు పడమరకు పారుతుంటాయి. సుమారు 290 మీటర్ల లోతున ఉన్న గట్టు మీదుగా ఆటుపోటు ప్రవాహం పడమరకు బలంగా సాగినప్పుడు, రెండు నీళ్ల సరిహద్దు గట్టుకు పడమటి వైపు గుంటపడి అక్కడే నిలుస్తుంది. ప్రవాహం సడలగానే, జలసంధి ఒడ్డున ఉన్న స్పెయిన్ ఊరు టరీఫాలో పోటు గరిష్ఠమయ్యే వేళకు కాస్త అటూ ఇటూగా, ఆ గుంట తూర్పుకు బయలుదేరి, పోయేకొద్దీ తరంగాల వరుసగా విడిపోతుంది. లోపల సరిహద్దు 100 మీటర్ల వరకు దిగిపోతున్నా, పడవలో ఉన్నవారికి కనిపించేది నీటి మీద గరుకుగా కదిలే పట్టీలు మాత్రమే.

ఉపగ్రహ రాడార్ పట్టుకునేది ఆ గరుకునే. పైనీళ్లు ఒకచోటికి చేరేచోట చిన్న అలలు కూడి చిత్రం తెల్లబడుతుంది, విడిపోయేచోట నల్లబడుతుంది. కాబట్టి తూర్పుకు పోయే తరంగానికి ముందు తెల్ల పట్టీ, వెనుక నల్ల పట్టీ ఉండాలి. ఈ క్రమం కనిపించని గీతను ఓడ జాడగానో గాలి అంచుగానో అనుమానించు. గాలి మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆ రోజు చిత్రాన్ని పక్కన పెట్టు.

అన్నిటికంటే ముఖ్యం వేళ. సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహాల్లో ఒక్కొక్కటి ఒకే దారిలో 12 రోజులకొకసారి తిరిగి వస్తుంది. ఆ లోపల సుమారు 12 గంటల 25 నిమిషాల చాంద్ర ఆటుపోటు 23 సార్లు పూర్తయి, మరో అయిదో వంతుకు కొంచెం తక్కువగా జరుగుతుంది. అంటే ఉపగ్రహం వచ్చిన ప్రతిసారీ ఆటుపోటు వేరే దశలో ఉంటుంది; అన్ని దశలూ ఒక చుట్టు తిరగడానికి సుమారు 64 రోజులు పడుతుంది. అందుకే ప్రతి చిత్రం పక్కన టరీఫా పోటు వేళను రాసుకోకుండా దాన్ని నమూనాతో పోల్చవద్దు.

నేను చేసిన తప్పు చెబుతాను. పై పొర 80 మీటర్లు, కింది పొర 600 మీటర్లు, సాంద్రతలో తేడా ఘనమీటరుకు 2 కిలోలు అనుకుని రెండు పొరల లెక్క కడితే వేగం సెకనుకు సుమారు 1.16 మీటర్లు వచ్చింది. అంటే గట్టు నుంచి 40 కిలోమీటర్లు పోవడానికి తొమ్మిదిన్నర గంటలు. చిత్రంలో తరంగం అంతకంటే ఎంతో ముందుంది. నేను పై పొర మందాన్ని పెంచుతూ పోయి ఆ ఒక్క చిత్రానికి లెక్క కుదిర్చాను, తరువాతి చిత్రానికే అది తప్పింది. తూర్పుకు పారే పైనీరు తరంగాన్ని మోసుకుపోతుందన్న సంగతిని నేను వదిలేశాను. ఆ ప్రవాహం సెకనుకు 0.7 మీటర్లయితే ప్రయాణం ఆరు గంటలకు తగ్గుతుంది. కాబట్టి పొరల మందాన్ని కొలతల నుంచే తీసుకో, చిత్రానికి సరిపోయేలా సర్దకు.

పూర్తి నమూనాకు వెళ్లినప్పుడు నిలువు త్వరణాన్ని వదిలేయని సమీకరణాలనే వాడు, గ్రిడ్ అంతరాన్ని, అంటే నమూనా లెక్కకట్టే బిందువుల మధ్య అడ్డ దూరాన్ని, పై పొర మందం కంటే తక్కువగా ఉంచు. ముతక గ్రిడ్ కూడా అందమైన తరంగాల వరుసను చూపిస్తుంది, కానీ అది లెక్కలో పుట్టినది. గ్రిడ్ అంతరాన్ని సగం చేసి మళ్లీ నడుపు; తరంగాల మధ్య దూరం మారిపోతే ఆ వరుసను ఎవరికీ చూపించవద్దు.

మొదటి పది చిత్రాలకు పోటు వేళ, గాలి వేగం, ముందు పట్టీ ఉన్న చోటు పట్టికగా రాసి నాకు పంపు. నమూనా సంగతి దాన్ని చూశాక మాట్లాడుకుందాం.