ఎమ్‌జీబీ పాత వింగులు అప్పుడే పారేయకండి

మీ 1967 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్‌కి (పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ముందు వింగుల్ని, అంటే ముందు చక్రాల మీద కప్పే పక్క రేకుల్ని, రెండిటినీ కింద తుప్పు తినేసిందని, బాడీషాప్ వాళ్లు పాతవి పారేసి కొత్తవి బిగిద్దాం అంటున్నారని, ఏం చేయాలో తోచట్లేదని రాశారు. నా మాట వినండి, ఆ వింగుల్ని గరాజ్ దాటి బయటికి పోనివ్వకండి. నేను ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఉంటాను, ఇలాంటి రోడ్‌స్టరే సొంతంగా బాగుచేసుకున్నాను, సరిగ్గా ఈ ఒక్క విషయంలో తొందరపడి ఏడాది పోగొట్టుకున్నాను.

నా కారుకి ఎడమ వింగ్ కింద జానెడు మేర పుచ్చిపోయింది, పైన అంతా గట్టిగానే ఉంది. అయినా చూడగానే భయమేసి స్క్రాప్‌లో వేసేసి, చవకగా దొరికిన కొత్త వింగ్ ఒకటి తెప్పించాను. బిగించి చూస్తే హెడ్‌లైట్ నుంచి వెనక లైట్ దాకా సాగే ఆ పక్క గీత డోర్ దగ్గరికి వచ్చేసరికి పైకి లేచిపోయింది, కింద గ్యాప్‌లో వేలు పడుతోంది, బోల్టు రంధ్రాలు ఎంత అరగదీసినా అంతే. లప్పం పెట్టి గీత కలిపేద్దాం అన్నాడు పెయింటర్. మనసొప్పలేదు. చివరికి ఒక ఆటోజంబుల్‌లో (పాత కార్ల విడిభాగాల సంత) పాత ఒరిజినల్ వింగ్ దొరికింది, నేను పారేసినదాని లాగే కింద పుచ్చిపోయిందే. దానికి కింద ముక్క వేసి బిగిస్తే గీతకి గీత కలిసింది. తుప్పు పట్టింది కింద జానెడే, మిగతా రేకుకి ఫ్యాక్టరీ అచ్చు ఇచ్చిన ఒంపు అలాగే ఉంది, ఆ ఒంపు సుత్తితో కొట్టి తెచ్చేది కాదు.

మీకు కలిసొచ్చేదేమిటంటే ఎమ్‌జీబీకి ముందు వింగులు బోల్టులతో ఊడొస్తాయి. విప్పేముందు బోల్టులకి రెండు మూడు రోజులు ఆయిల్ కొడుతూ ఉండండి. విప్పాక వింగ్ వెనక నుంచి టార్చ్ వేసి చూడండి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి, శబ్దం ఎక్కడ మొద్దుబారితే అక్కడిదాకా కోయాలి. చక్రం వెనక రబ్బరు అంచుతో ఒక అడ్డురేకు ఉంటుంది, ఆ రబ్బరు గట్టిపడిపోతే బురద, ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు లోపలికి చేరి అక్కడే నానుతూ కూర్చుంటాయి. కింది తుప్పుకి అసలు కారణం అదే, ఆ రబ్బరు మార్చకుండా ఎంత మంచి వెల్డింగ్ చేసినా మళ్లీ వస్తుంది.

వింగ్ తీయగానే సిల్ (డోర్ కింద పొడవునా సాగే డబ్బా లాంటి రేకు భాగం) చివర బయటపడుతుంది, ఎక్కువ భయపడాల్సింది అక్కడ. ఈ కారుకి కింద బరువు మోసే వేరే చట్రం (చాసిస్) లేదు, పైకప్పు కూడా లేని రోడ్‌స్టర్‌కి సిల్సే వెన్నెముక. సిల్ కోయాల్సి వస్తే ముందు డోర్ ఉండే ఖాళీలో అడ్డంగా ఒక స్టీల్ ట్యూబ్ వెల్డ్ చేయండి, కొలతలు రాసిపెట్టుకోండి, ఒకసారికి ఒక్క పక్కే కోయండి. అలా చేయకపోతే బాడీ కుంగి తర్వాత డోర్ పట్టదు.

వింగ్‌కి రిపేర్ ముక్క అమ్ముతారు. ఎంత తక్కువ కోస్తే అంత మంచిది, కానీ కోత గీత చదునుగా ఉన్న చోట నడిమధ్యలో పడకుండా చూడండి, అక్కడ వేడికి రేకు అలలు తేలుతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కించి వెల్డ్ చేయకండి, ఆ మడతలో నీళ్లు దాగుతాయి. అంచుకి అంచు ఆనించండి. మిగ్ వెల్డింగ్‌లో సన్న వైరు వాడండి, ఒక చుక్క ఇక్కడ, ఇంకోటి దూరంగా అక్కడ, చల్లారాకే తర్వాతది. నాకు ఒక్క వింగ్‌కి రెండు వారాంతాలు పట్టింది, ఓపిక లేకపోతే ఈ పని టిగ్ అనే ఇంకో రకం వెల్డింగ్ తెలిసినవాళ్లకి ఇవ్వండి, ఆ అతుకు మెత్తగా ఉండి డాలీ (రేకు వెనక ఆనించే ఇనప దిమ్మ) పెట్టి సుత్తితో సాఫీ చేయడం తేలిక. పెయింట్ తీయడానికి శాండ్‌బ్లాస్టింగ్ మాత్రం బయటి రేకుల మీద వద్దు, పల్చటి రేకు వంకరపోతుంది. కెమికల్ స్ట్రిప్పర్ వాసన భరించి చేతితో తీయడమే మేలు.

ఇంకో మాట, మీ 1967 కారుకి బానెట్ అల్యూమినియంది అయి ఉండాలి. అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే దాన్ని ప్రాణంలా చూసుకోండి, సొట్టలున్నా సరే.

బిగించేటప్పుడు వెనక నుంచి ముందుకి రండి. వెనక వింగ్ కదలదు కాబట్టి డోర్‌ని దానికి సరిపెట్టండి, తర్వాత ముందు వింగ్‌ని డోర్‌కి, చివర్లో బానెట్. ఇదంతా పెయింట్‌కి ముందే, రబ్బర్లతో సహా ఒకసారి పూర్తిగా బిగించి చూడాలి.

హెడ్‌లైట్ చుట్టూ, పై అంచు పొడవునా కూడా పోయి ఉంటే అప్పుడు మాత్రం కొత్త వింగ్ తప్పదు. అప్పుడు కూడా విట్నీలోని బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే కంపెనీ వింగే తీసుకోండి, వాళ్లు పాత ఒరిజినల్ అచ్చుల మీదే తీస్తారు. ఖరీదు ఎక్కువే, కానీ నేను కొన్న చవక రేకు మీద పెట్టిన డబ్బూ, దాంతో పడ్డ టెన్షన్ లెక్కేస్తే ఎక్కువ కాదు. అది వచ్చి మీ డోర్ పక్కన కుదిరిందని కళ్లతో చూసేదాకా పాత వింగ్ గోడకి వేలాడదీసే ఉంచండి.