పాత గ్రాఫిక్స్ కార్డుకు ఏ డ్రైవర్ సరిపోతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది 2012 నాటి డెస్క్‌టాప్. కోర్ ఐ3, 8 జీబీ రామ్, 64 బిట్ విండోస్ 10. సెకండ్ హ్యాండ్‌లో జీటీ 730 కార్డు కొని పెట్టాను. ఎన్విడియా సైట్ నుంచి కొత్త డ్రైవర్ దించి ఇన్‌స్టాల్ చేయబోతే, సరిపడే గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ కనిపించలేదంటూ ఆగిపోతోంది. స్క్రీన్ 1024×768 దాటడం లేదు. కార్డు బాగానే ఉందని షాపతను గట్టిగా చెబుతున్నాడు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: షాపతను చెప్పింది నిజమే కావచ్చు. చిక్కంతా జీటీ 730 అనే పేరుతోనే వచ్చింది. ఈ ఒక్క పేరుతో ఎన్విడియా రెండు తరాల చిప్‌లు అమ్మింది. 96 కోర్లు, 128 బిట్ డీడీఆర్3 మెమరీ ఉన్నది ఫెర్మీ. 384 కోర్లు, 64 బిట్ మెమరీ ఉన్నది కెప్లర్. అట్ట పెట్టె మీద రెండింటికీ పేరు ఒకటే, డ్రైవర్లు మాత్రం వేరు. ఫెర్మీకి చివరి డ్రైవర్ 391.35, 2018 మార్చిలో వచ్చింది. కెప్లర్ 470 శాఖ అనే డ్రైవర్ల వరుస దగ్గర ఆగింది. 2021 తర్వాత దానికి వచ్చినవన్నీ భద్రతా అప్‌డేట్లే. అంతకంటే కొత్త డ్రైవర్ల జాబితాలో మీ చిప్ ఉండదు కాబట్టి ఇన్‌స్టాలర్ ఒప్పుకోదు.

మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోవడానికి డ్రైవర్ అక్కర్లేదు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపించినా ఫర్వాలేదు. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లోకి వెళ్లి, హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. అక్కడ వెన్ (VEN) తర్వాత 10డీఈ (10DE) ఉంటే ఎన్విడియా, 1002 అయితే ఏఎండీ, 8086 అయితే మదర్‌బోర్డ్ వైపున్న ఇంటెల్ గ్రాఫిక్స్. ఇక డెవ్ (DEV) తర్వాత 1287 ఉంటే కెప్లర్ జీటీ 730, 0ఎఫ్02 (0F02) ఉంటే ఫెర్మీ. సెకండ్ హ్యాండ్ కార్డు విషయంలో స్టిక్కర్‌నీ పెట్టెనీ నమ్మకండి, ఈ నాలుగు అంకెలనే నమ్మండి. జాబితాలో 8086 ఒక్కటే కనిపిస్తే కార్డును మదర్‌బోర్డ్ అసలు గుర్తించలేదన్నమాట. అప్పుడు డ్రైవర్ జోలికి పోకుండా కార్డు తీసి, బంగారు రంగు కాంటాక్టులను మెత్తని రబ్బరుతో తుడిచి, స్లాట్‌లో లాక్ పడేదాకా నొక్కి పెట్టండి. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టారో లేదో కూడా చూడండి.

చిప్ తేలాక సరైన డ్రైవర్‌నీ, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌నీ ముందే దించి పెట్టుకోండి. తర్వాత నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఉంటే ఆపేయండి. ఈ పని మరిచిపోతే మొత్తం శ్రమ వృథా. పాత డ్రైవర్ పోగానే విండోస్ అప్‌డేట్ తనకు తోచిన డ్రైవర్‌ను మధ్యలోనే దించేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. అక్కడ అన్‌ఇన్‌స్టాలర్‌లో జీపీయూ, ఎన్విడియా ఎంచుకుని క్లీన్ అండ్ రీస్టార్ట్ ఇవ్వండి. మామూలుగా బూట్ అయ్యాక, నెట్ ఇంకా ఆపే ఉంచి, డ్రైవర్ ఇన్‌స్టాలర్‌లో కస్టమ్ ఎంచుకోండి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఉంచి, 3డీ విజన్, జీఫోర్స్ ఎక్స్‌పీరియన్స్ టిక్‌లు తీసేయండి. హెచ్‌డీ ఆడియో అవసరమయ్యేది హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా మానిటర్‌కో టీవీకో శబ్దం పంపేవాళ్లకే.

నెట్ తిరిగి పెట్టే ముందు కంట్రోల్ ప్యానెల్‌లోని సిస్టమ్ ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ట్యాబ్‌కు వెళ్లి, డివైస్ ఇన్‌స్టాలేషన్ సెట్టింగ్స్‌లో నో ఎంచుకోండి. అయినా కొన్నాళ్లకు డ్రైవర్ మారిపోతే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ ఉంటుంది.

మీ విండోస్ 64 బిట్ కాబట్టి ఇబ్బంది లేదు. 32 బిట్ వాడేవాళ్లకు మాత్రం కెప్లర్ కార్డు ఉన్నా 391.35తోనే సరి. ఆ తర్వాత ఎన్విడియా 32 బిట్ డ్రైవర్లు ఇవ్వడం మానేసింది.

ప్రశ్న: వీడియో చూస్తుంటే స్క్రీన్ నల్లబడి రెండు మూడు క్షణాల్లో తిరిగి వస్తోంది. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆగి, మళ్లీ కోలుకుందని మెసేజ్. డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా ఇదే తంతు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కార్డు 2 సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేస్తుంది. మెసేజ్‌లో డ్రైవర్ పేరు ఉన్నంత మాత్రాన తప్పు డ్రైవర్‌దే అనుకోనక్కర్లేదు. సరైన డ్రైవర్‌ను ఒకసారి శుభ్రంగా వేశాక కూడా ఇదే జరుగుతుంటే ఇక హార్డ్‌వేర్ వైపు చూడాలి.

ముందు బ్రౌజర్ సెట్టింగ్స్, సిస్టమ్‌లో గ్రాఫిక్స్ యాక్సెలరేషన్ ఆపి చూడండి. ఆగిపోతే వీడియో డీకోడింగ్ దగ్గరే తేడా ఉందని తెలుస్తుంది. తర్వాత కార్డు వేడిని చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, వీడియో నడుస్తుండగా వేడి చూడండి. 90 డిగ్రీలు దాటుతుంటే హీట్‌సింక్ దుమ్ము తీసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చాలి. వేడి మామూలుగానే ఉంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ వంతు. బయోస్‌లోని హార్డ్‌వేర్ మానిటర్‌లో 12 వోల్టుల లైన్ 11.4 కంటే తగ్గకూడదు. అక్కడ సరిగ్గా కనిపించినా లోడ్ పడినప్పుడు పడిపోవచ్చు కాబట్టి, వేరే మంచి ఎస్ఎంపీఎస్ పెట్టి చూడటమే నికరమైన పరీక్ష. మదర్‌బోర్డ్ మీద కెపాసిటర్ల తల ఉబ్బి ఉన్నా ఇదే లక్షణం.

సేఫ్ మోడ్‌లో సమస్య రాలేదు కాబట్టి తప్పు డ్రైవర్‌దే అని చాలామంది తేల్చేస్తారు. అది సరికాదు. సేఫ్ మోడ్‌లో కార్డుకు పనే ఉండదు, అందుకే దెబ్బతిన్న కార్డు కూడా అక్కడ బుద్ధిగా ఉంటుంది. విండోస్ రాకముందే, బయోస్ స్క్రీన్ మీదే చుక్కలూ గీతలూ కనిపిస్తే మాత్రం అది కార్డు మెమరీ లోపం. దానికి ఏ డ్రైవరూ మందు కాదు. టీడీఆర్ డిలే, అంటే రీసెట్‌కు ముందు విండోస్ ఆగే ఆ 2 సెకన్ల గడువు, పెంచమనే సలహా కూడా దొరుకుతుంది. అలా చేస్తే స్క్రీన్ ఇంకాసేపు బిగుసుకుపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న: విండోస్ 7 కొత్తగా వేశాను. డ్రైవర్ ఎక్కింది కానీ కోడ్ 52 చూపిస్తోంది.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: డ్రైవర్ సంతకాన్ని విండోస్ నమ్మడం లేదు. కొత్తగా వేసిన విండోస్ 7కు షా-2 పద్ధతి సంతకాలు అర్థం కావు. సర్వీస్ ప్యాక్ 1 ఉందని చూసుకుని, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుంచి ముందు కేబీ 4490628, తర్వాత కేబీ 4474419 వేసి రీస్టార్ట్ చేయండి. ఎఫ్8 నొక్కి సంతకం తనిఖీని ఆపే పద్ధతి ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది.

ప్రశ్న: రోజూ ఉదయం కార్డు నుంచి డిస్‌ప్లే రాదు. మదర్‌బోర్డ్ పోర్ట్‌కు మారిస్తే వస్తుంది, తేదీ కూడా పాతది చూపిస్తుంది. డ్రైవర్ దించుకుందామంటే సైట్లు తెరుచుకోవు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మూడింటికీ కారణం ఒక్కటే, సీమాస్ బ్యాటరీ. రాత్రి ప్లగ్ తీయగానే బయోస్ సెట్టింగ్స్ పోయి, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కు తిరిగి వెళ్తోంది. తేదీ తప్పు కావడంతో సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తున్నాయి. పవర్ కేబుల్ తీసి, సీఆర్2032 బ్యాటరీ మార్చండి. బయోస్‌లో తేదీ సరిచేసి, ప్రైమరీ డిస్‌ప్లేను పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కు పెట్టండి. కొన్ని బోర్డుల్లో దీన్నే ఇనిట్ డిస్‌ప్లే ఫస్ట్ అంటారు.

ప్రశ్న: రేడియాన్ హెచ్‌డీ 5450కి విండోస్ 10లో ఏ డ్రైవర్ వేయాలి? డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ డబ్బులు కట్టమంటోంది.
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: పైసా కట్టొద్దు. ఏఎండీ సైట్‌లోనే కెటలిస్ట్ 15.7.1 ఉచితంగా ఉంది, 2015 జులైలో వచ్చింది. ఆ తర్వాత 2016లో వచ్చిన క్రిమ్సన్ 16.2.1 బీటా దశలోనే ఆగింది. 15.7.1తో పని జరుగుతుంటే బీటా జోలికి పోకండి. అప్‌డేటర్ తెచ్చానని చెప్పే కొత్త డ్రైవర్ ఈ కార్డుకు లేనే లేదు.