గర్భవతిగా ఉండగా ఉద్యోగం తీసేస్తే ఏం చేయాలి?

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. ఐదో నెల అని చెప్పిన వారానికే రాజీనామా ఇమ్మంటున్నారు. నాకేమైనా హక్కులున్నాయా?

జవాబు: ఉన్నాయమ్మా. ముందు ఒక్క మాట: ఎంత ఒత్తిడి పెట్టినా రాజీనామా మీద సంతకం చేయొద్దు. సంతకం పడితే మిమ్మల్ని తీసేశారని నిరూపించడం చాలా కష్టమవుతుంది. ఆ మాటలన్నీ ఈమెయిల్‌లోకి తీసుకురండి, డాక్టర్ రిపోర్టు జతచేసి గర్భవతినన్న సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోనూ, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ రక్షణ ఒకటే. ప్రసూతి సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం. గర్భంతో ఉండగా తీసేసినా, కాన్పు తేదీకి ముందరి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే ప్రసూతి డబ్బు ఇవ్వాల్సిందే. మొదటి ఇద్దరు పిల్లల వరకు అది 26 వారాలు. తీవ్రమైన దుష్ప్రవర్తన ఒక్కటే మినహాయింపు, అదీ రాతపూర్వక ఉత్తర్వుతోనే. కాంట్రాక్టు గడువు ముగిసినా ఈ ప్రయోజనం ఆగదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

తొలగింపు ఉత్తర్వు అందితే 60 రోజుల్లోపు అప్పీలు చేయాలి. టెన్షన్‌లో ఈ గడువు దాటిపోనివ్వకండి, నా భయమంతా దాని గురించే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖ వారిని కలవండి. లాయర్ ఖర్చుకు వెనకాడొద్దు. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి.