సముద్రంలో చేపపిల్లలు పోస్తే తగ్గిన చేప మళ్లీ పెరుగుతుందా?

పెరిగే వీలుంది, కానీ పిల్లలు పోయడం ఆ పనిలో చిన్న భాగమే. మన చెరువుల్లో ఏటా సీడ్ పోస్తున్నారు కదా, సముద్రంలో కూడా అలా చేస్తే సరిపోదా అన్నది మీ ప్రశ్న. నాది దేవరకొండ వైపు, సాగర్ బ్యాక్ వాటర్ ఒడ్డున ఊరు, మత్స్య సొసైటీలో సభ్యుణ్ణి. సముద్రంలో నేను వేట చేయలేదు, కానీ విశాఖ వైపు నుంచి వచ్చి మా ఒడ్డున గుడిసెలు వేసుకుని ఉండే వేటగాళ్లతో చాలా ఏళ్ల పరిచయం ఉంది, అక్కడి సంగతులు వాళ్లు చెప్తుంటారు.

బొచ్చె, రవ్వ, మెరిగ నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి వరద కావాలి. అందుకే చెరువులో ఏటా పోయాల్సిందే, పోసినవి పెంచి పట్టుకోవడమే. సముద్రంలో అలా కాదు, అక్కడ చేప తనంతట తానే పిల్లలు పెడుతుంది. మరి ఎందుకు తగ్గింది? తల్లి చేపలు మిగలకనా, పిల్లలు పెరిగే మడ అడవులు పోయా, ఎదగకముందే వలలో పడా? ఇది తేల్చకుండా పోస్తే డబ్బు నీళ్లలో పోసినట్టే.

మా దగ్గరే చూడండి. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా సీడ్ ఇస్తోంది, చిన్న చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, రిజర్వాయర్లకు 80-100 మిల్లీమీటర్లవి. పెద్ద నీళ్లలో వాలుగ, కొర్రమీను ఉంటాయి, చిన్న పిల్ల వాటికి మేతే అవుతుంది, కాబట్టి ఆ సైజు తేడా మంచిదే. కానీ అలవి వలలు ఉన్నాయే, దోమతెర లాంటి సన్న కన్నువి, నిషేధం ఉన్నా రాత్రిపూట లాగుతారు, పోసిన పిల్లలన్నీ ఎండు చేపలై సంతకు పోతాయి. ఒకవైపు పోస్తూ ఇంకోవైపు ఊడ్చేస్తుంటే ఏం పెరుగుతుంది చెప్పండి? ఆ వలల గురించి మాట్లాడితే గొడవలు అవుతాయి, అయినా మాట్లాడాల్సిందే.

సముద్రంలోనూ పిల్లలు వదిలి చూశారు. నార్వేలో ఫ్లోడెవిగెన్ అనే చోట ఉన్న హేచరీ, అంటే గుడ్లు పొదిగించి పిల్లలు తీసే కేంద్రం, అక్కడి నుంచి 1880ల నుంచి 1971 వరకు కాడ్ అనే సముద్రపు చేప పిల్లలను అప్పుడే పొదిగినవి వదిలారు, దానివల్ల చేప పెరిగిందని మాత్రం గట్టిగా చూపలేకపోయారు. జపాన్‌లో హొక్కైడో వాళ్లు స్కాలప్ అనే ఆల్చిప్పలతో బాగుపడ్డారు, ఎందుకంటే వాళ్లు పిల్లలను కొంత పెంచాకే వదిలారు, ముందుగా అడుగున ఉండి వాటిని తినే నక్షత్ర చేపలను ఏరేశారు, సముద్రాన్ని భాగాలు చేసుకుని ఒక్కో ఏడు ఒక్కో భాగంలోనే పట్టారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ చివరిదే, వంతులు పాటించడం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు కదా, దాన్ని సరిగ్గా పాటించడం, వల కన్ను పెద్దది చేయడం, ఈ రెండూ సీడ్ కన్నా ముందు పనులు.

ఇంకొకటి, హేచరీలో నాలుగైదు జతల తల్లి చేపల నుంచే పిల్లలు తీసి లక్షల్లో వదిలితే సముద్రంలో ఉన్న సహజ జాతి కూడా బలహీనపడే ప్రమాదం ఉంది. తల్లులు ఎక్కువ ఉండాలి, అవి కూడా ఆ తీరంలోవే అయి ఉండాలి.

మీ దగ్గర ఎవరైనా ఈ పథకం తెస్తే పిల్లలు ఎన్ని లక్షలు అని అడగకండి. వాటికి గుర్తు ఎలా పెడతారు, పట్టిన చేపల్లో గుర్తున్నవి ఎన్నో హార్బర్‌లో ఎవరు లెక్క రాస్తారు, ఆ లెక్కకు డబ్బు పెట్టారా అని అడగండి.