రూఫ్ టెంట్ కొనే ముందు మీ సెల్లార్ ఎత్తు కొలవండి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, స్కార్పియో ఎన్ ఉంది, భార్యాభర్తలు, ఆరేళ్ల పాప, అప్పుడప్పుడు మీ అమ్మగారు కూడా. లక్ష పైచిలుకు పెట్టి కారు మీద బిగించే టెంట్ కొంటే పనికొస్తుందా, నేల మీద వేసుకునే మామూలు టెంట్ సరిపోతుందా?

నా దగ్గర రూఫ్ టెంట్ ఉంది. క్యాన్వాస్‌ది, మడత రకం. బాగానే వాడుతున్నాను, అమ్మే ఉద్దేశం కూడా లేదు. అయినా మిమ్మల్ని మాత్రం ఇప్పుడే కొనొద్దంటాను.

అందరూ రాత్రి గురించే అడుగుతారు. నిద్ర పడుతుందా, వానొస్తే తడుస్తామా, పాములూ తేళ్లూ వస్తాయా అని. రాత్రి వరకూ దీనికి పెద్దగా వంక పెట్టలేమండీ, తిప్పలన్నీ తెల్లారాకే. ఒకసారి విప్పి నిచ్చెన దించారంటే ఇక అది కారు కాదు, మంచం. గండికోటలో శనివారం సాయంత్రం టెంట్ వేశారనుకోండి. పొద్దున్నే పాపకి పాల కోసం జమ్మలమడుగు వెళ్లాలన్నా, బెలుం గుహలు చూసొద్దామనుకున్నా, దుప్పట్లు సర్ది, పరుపు మీద టార్చీలూ ఫోన్లూ లేకుండా చూసుకుని, మడిచి, క్యాన్వాస్ అంచులు లోపలికి తోసి, కవర్ జిప్ లాగి, పట్టీలు బిగించి, అప్పుడు బండి తీయాలి. చేయి తిరిగాక కూడా పావుగంట పని. తిరిగొచ్చేసరికి మీ చోట్లో ఇంకెవరిదో బండి ఉంటుంది. నేల టెంట్ అయితే విలువైనవి తీసుకుని, జిప్ వేసి వెళ్లిపోతారు, అది మీ చోటు కాస్తూ అక్కడే ఉంటుంది. కాబట్టి మీరు ఒకే చోట రెండు మూడు రాత్రులు ఉండే రకమా, రోజుకో చోటు మారే రకమా అన్నది ముందు తేల్చుకోండి. సగం జవాబు అందులోనే ఉంది.

రోజుకో చోటైతే మాత్రం దీన్ని మించింది లేదు. సిమ్లా దాటి కిన్నౌర్‌లోకి వెళ్లి కల్పా, నాకో, టాబో, కాజా అంటూ పైకి పోతుంటే ఏ పూట ఎక్కడ ఆగుతామో మనకే తెలియదు. చీకటి పడ్డాక చేరినా సరే, కింద ముళ్లున్నా రాళ్లున్నా సరే, బండి నిలబడేంత చదును దొరికితే చాలు. పరుపు లోపలే ఉంటుంది, పలచటి దుప్పట్లయితే అవీ మడతలోనే పడుంటాయి. పొద్దున ఎలాగూ బయల్దేరాల్సిందే కనుక మడవడం బరువు అనిపించదు. గండికోట అంచు దగ్గర కూడా చాలా చోట్ల నేలంతా బండరాయి. మేకులు దిగక, రాయితో కొట్టి కొట్టి అవి వంగిపోయి, చివరికి టెంటు తాళ్లని బండరాళ్లకి చుట్టుకునేవాళ్లు ఎప్పుడు వెళ్లినా కనిపిస్తారు. ఆ బాధ మనకుండదు.

చదును అన్నాను కదా, అది చిన్న విషయం కాదు. బండి ఏ మాత్రం వాలుగా ఉన్నా రాత్రంతా ఒకరి మీదికి ఒకరు జారుతూనే ఉంటారు. చక్రాల కింద పెట్టుకోవడానికి రెండు చెక్క ముక్కలు డిక్కీలో పడేసుకోండి, తల ఎత్తు వైపు ఉండేలా పడుకోండి. ఒకళ్లు పక్కకి తిరిగితే సస్పెన్షన్ ఊగి అందరికీ తెలుస్తుంది, అది అలవాటైపోతుంది. గాలి చప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. సూర్యలంక లాంటి సముద్రపు ఒడ్డున పైన కప్పే వాన గుడ్డ టపటపా కొట్టుకుంటూ ఉంటే చెవుల్లో దూది పెట్టుకోవాల్సిందే.

ఇక బరువు. ఇద్దరు ముగ్గురు పడుకునే టెంట్ సుమారు 50 నుంచి 70 కిలోలు ఉంటుంది, గట్టి పెట్టె రకం ఇంకాస్త ఎక్కువ కూడా ఉండొచ్చు, టెంట్‌ని నిలబెట్టడానికి కప్పు మీద బిగించే కడ్డీల చట్రం, అంటే రాక్, దాని బరువు వేరే. కారు హ్యాండ్‌బుక్‌లో పైకప్పు మీద ఎంత బరువు పెట్టొచ్చో ఉంటుంది. ఆ అంకె బండి నడుస్తున్నప్పటిది, అంటే సడన్‌గా బ్రేక్ వేసినా, ఘాట్ రోడ్డులో మలుపు తిప్పినా కప్పు తట్టుకోవాల్సింది. ఆగి ఉన్న బండి దానికి ఎన్నో రెట్లు మోస్తుంది కాబట్టే మనుషులు పైన పడుకున్నా ఏమీ కాదు. జనం దీన్ని తిరగేసి ఆలోచిస్తారు, మా బరువు ఆగుతుందా అని టెన్షన్ పడతారు గానీ ఖాళీ టెంటూ రాకూ కలిపి ఎంతో చూడరు. పైగా మన దగ్గర అమ్మే చాలా బండ్లకి పైన మెరిసే ఆ రెయిల్స్ ఉత్త షోకి పెట్టినవి, వాటికి బరువు బిగిస్తే ఊడొస్తాయి. మీ బండివి ఏ రకమో హ్యాండ్‌బుక్‌లో చూడండి, షాపువాడి మాట నమ్మొద్దు, వాడు సైకిల్ మీదైనా బిగిస్తానంటాడు. బాడీకి కోతలూ వెల్డింగులూ అసలు వద్దు. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. బోల్టులు విప్పి తీసేయగలిగే రాకే పెట్టించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

పైన అంత బరువు పెట్టుకున్నాక బండి నడక మారుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో మామూలుగా తిప్పే మలుపులో కూడా బండి పక్కకి ఒరిగినట్టు తెలుస్తుంది. హైవే మీద మైలేజీ పడిపోతుంది, తొంభై దాటితే గాలి ఊళ పెడుతుంది.

సెల్లార్ సంగతి చెప్పకపోతే ఈ జవాబు రాసి ప్రయోజనం లేదు. మీ బండి ఎత్తే దాదాపు 1.86 మీటర్లు. రాకూ మడిచిన టెంటూ కలిపి ఇంకో ముప్పై అయిదు, నలభై సెంటీమీటర్లు. అంటే 2.2 మీటర్ల పైమాటే. మాల్ పార్కింగ్‌ల దగ్గర 2.1 అని రాసి వేలాడదీసే పసుపు బద్ద చూసే ఉంటారు, దాని కిందకి ఇక పోలేరు. మీ అపార్ట్‌మెంట్‌లో ర్యాంప్ దిగి చదునుకి వచ్చే చోట పైన బీమ్ ఉంటుంది చూడండి, అదీ, ఆ పక్కన పోయే ఫైర్ పైపులూ, అవి కొలవండి. పట్టకపోతే బండి రోడ్డు మీద పెట్టుకోవాలి, లేదా ట్రిప్పు అయిపోయినప్పుడల్లా టెంట్ దించాలి. దించడం అంటే మా వాచ్‌మన్, ఇస్త్రీ అబ్బాయి, మా తమ్ముడు, నేను, నలుగురం తలో మూల పట్టుకోవాలి. దించాక అది బాల్కనీలో సగం ఆక్రమించుకుంటుంది. బట్టలు ఆరేసుకునే చోటు పోయిందని మా ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంటుంది, న్యాయమే.

ఇందులోనే ఇంకో చిక్కు. లంబసింగిలో డిసెంబరు పొద్దున లేస్తే బయట క్యాన్వాస్ పిండితే నీళ్లు కారేలా ఉంటుంది, లోపల మన ఊపిరికే గోడలు చెమ్మగిల్లుతాయి, పరుపు ఎత్తి చూస్తే అడుగున చెయ్యి తడుస్తుంది. ఎండొచ్చేదాకా ఆగే తీరిక ఉండదు, అలాగే మడిచి ఇంటికొస్తాం. నేల టెంట్ అయితే డాబా మీద ఆరేస్తారు. దీన్ని కారు మీదే విప్పాలి, సెల్లార్‌లో విప్పడానికి ఎత్తు చాలదు, రోడ్డు మీద విప్పితే కాలనీ పిల్లలంతా నిచ్చెన ఎక్కుతారు. రెండు రోజులు అలాగే వదిలేస్తే బూజు పడుతుంది, ఆ మచ్చలు ఇక పోవు. పరుపు కింద వేసే జాలీ చాప ఒకటి దొరుకుతుంది, టెంట్‌తో పాటే కొనండి.

అమ్మగారి విషయం. నిచ్చెన దాదాపు నిలువుగా ఉంటుంది, మెట్లు సన్నం, రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు వెనక్కి తిరిగి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఎక్కించకండి, గండికోటలో టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, ఆవిడకి అక్కడ గది తీసుకోండి. పాప సరదాగా ఎక్కేస్తుంది గానీ నిద్రమత్తులో తనంతట తాను దిగకుండా గుమ్మం వైపు మీరు పడుకోవాలి.

ఎత్తు మీద ఉన్నాం కదా అని లేనిపోని ధైర్యాలు పెట్టుకోవద్దు. చీమలూ తేళ్లూ నేల మీదే ఉండిపోతాయి, నిజమే. కోతులకి మాత్రం మనం మెట్లు కట్టి పిలిచినట్టే, అనంతగిరిలో టెంట్ విప్పి ఉంచి అరటిపళ్లు లోపల పెట్టారంటే మీ ఖర్మ. నల్లమల లాంటి పులుల అడవిలో అనుమతి లేకుండా రాత్రి ఆగే ఆలోచనే వద్దు. వేసవిలో ఉరుములు మొదలయితే టెంట్‌లో కూర్చోకుండా దిగి కారులోకి వెళ్లి అద్దాలు ఎక్కించుకోండి, పిడుగు పడ్డా రేకు కప్పున్న కారు లోపల ఉన్నవాళ్లకి చాలావరకు రక్షణ ఉంటుంది, పైన గుడ్డ కింద ఏ రక్షణా లేదు. చలికి తట్టుకోలేక లోపల బొగ్గుల కుంపటి గానీ స్టవ్ గానీ వెలిగించొద్దు, ఆ గాలికి నిద్రలోనే ప్రాణం పోతుంది.

మన మైదానాల్లో మార్చి నుంచి మళ్లీ చల్లబడేదాకా దాన్ని ఊరికే మోసుకు తిరగడమే తప్ప పడుకునేది ఉండదు. అంటే మీకు ఏడాదిలో వాడుక నాలుగైదు నెలలే.

అందుకే ముందు రూఫ్ టెంట్ బిగించి ఉన్న బండి అద్దెకి తీసుకుని ఒక వారాంతం వెళ్లిరండి, అలాంటివి ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఈలోగా ఒక మంచి నేల టెంట్ కొనుక్కోండి, రూఫ్ టెంట్ ధరలో చిన్న వంతే అవుతుంది. అద్దెకి తిరిగాక కూడా మనసు దాని మీదే ఉంటే సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి, ఒకటి రెండు ట్రిప్పులు వేసి అమ్మేసేవాళ్లు చాలామందే. జిప్‌లన్నీ లాగి చూడండి, పరుపు లేపి అడుగున బూజు వాసన ఉందేమో చూడండి, నిచ్చెన లాక్‌లు ఒక్కొక్కటీ నొక్కి చూడండి. వెడల్పు 1.4 మీటర్లు అని రాసి ఉంటే అది ఇద్దరికి, మూడో మనిషి పాపే అయినా ఇరుకే. విప్పించి ముగ్గురూ ఎక్కి పడుకుని చూడండి, అమ్మేవాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు.