200 పేజీల స్కాన్లు 5 జీబీ: చిన్న ఫైలు చేయొచ్చు, కానీ ‘థ’లో చుక్క జాగ్రత్త

మీ తాతగారి హరికథల పుస్తకం 200 పేజీలూ రంగుల్లో స్కాన్ చేశానని, టిఫ్ ఫైళ్లన్నీ కలిపి 5 జీబీ దాటాయని, చుట్టాలకి వాట్సాప్‌లో పంపగలిగేంత చిన్నగా ఎలా చేయాలని అడిగారు. మూడేళ్ల కిందట నేనూ ఇదే పని చేశాను. మా నాన్నగారు తెనాలిలో సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న పద్యాల పుస్తకం అది, 184 పేజీలు. ఇంట్లో మిగిలింది ఒక్కటే ప్రతి.

ముందు సైజు సంగతి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) తీస్తే సుమారు 87 లక్షల పిక్సెళ్లు. రంగుల్లో పిక్సెల్‌కి 3 బైట్లు, అంటే పేజీకి 26 ఎంబీ. అదే తెలుపు-నలుపులో అయితే పిక్సెల్‌కి ఒక్క బిట్టు చాలు, పేజీకి 1 ఎంబీ పైచిలుకు. ఇదంతా ఇంకా కుదించకముందు లెక్క. మనకి కావలసింది అక్షరాలు, కాగితం పసుపు కాదు కదా.

అచ్చు పేజీలని కుదించడానికే పుట్టిన ఫార్మాట్ డెజావు. 1990ల చివర్లో అమెరికాలోని ఏటీ అండ్ టీ ల్యాబ్స్‌లో యాన్ లెకున్, లియోన్ బొట్టూ తదితర పరిశోధకులు తయారుచేశారు. పేజీని పొరలుగా విడదీసి, అక్షరాల పొరని పూర్తి స్పష్టతతోనూ, వెనకాల కాగితాన్ని తక్కువ స్పష్టతతోనూ ఉంచుతుంది. ‘న’ లాంటి అక్షరం పేజీలో నలభైసార్లు వస్తే ఆ ఆకారాన్ని ఒకసారి దాచుకుని మిగతాచోట్ల దాన్నే వాడుకోగలదు. అంత చిన్న ఫైలు రావడానికి ఒక ముఖ్య కారణం ఇది. నేను దెబ్బతిన్నదీ ఇక్కడే.

మొదటిసారి స్కాన్ టైలర్ అనే ప్రోగ్రాములో పేజీలు సరిచేసి, మచ్చలు పోతాయని డీస్పెకిల్‌ని గట్టి స్థాయిలో పెట్టాను. తర్వాత డెజావు ఫైళ్లు తయారుచేసే డెజావులిబ్రేలో తెలుపు-నలుపు పేజీలని కుదించే సీజేబీ2 (cjb2) ప్రోగ్రాముని ‘లాసీ’ (కొంత వివరం పోయినా ఫరవాలేదనే) ఆప్షన్‌తో నడిపాను. ఫైలు చాలా చిన్నగా వచ్చింది. మా అమ్మ ట్యాబ్‌లో చదువుతూ ఒక పద్యం దగ్గర ఆగి, “ఇదేంట్రా, రథము కాస్తా రధము అయింది?” అంది. పెద్దది చేసి చూస్తే ‘థ’ లోపలి చుక్క లేదు. ఇంకోచోట ‘పీఠము’ ‘పీరము’ అయింది. అరసున్నలు కూడా కొన్ని పోయాయి. మనకి అక్షరంలో భాగమైన చుక్క ఆ ప్రోగ్రాముకి కాగితం మీద మచ్చ. పైగా లాసీలో దాదాపు ఒకేలా ఉన్న రెండు ఆకారాలని ఒకటిగా కలిపేసే అవకాశం ఉంది. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ పరిశోధకుడు జిరాక్స్ యంత్రాల స్కాన్లలో బయటపెట్టిన తప్పు కూడా ఇలాంటిదే. ఒక ఇంటి ప్లాన్‌లో గదుల కొలతల అంకెలే మారిపోయాయి. మసకైతే తప్పని తెలుస్తుంది. ఇక్కడ తప్పు అక్షరం కూడా శుభ్రంగా కనబడుతుంది, అందుకే నాకు భయం.

రెండోసారి ఇలా చేశాను. స్కాన్ టైలర్‌లో డీస్పెకిల్ పూర్తిగా ఆపేసి, అవుట్‌పుట్ 600 డీపీఐ పెట్టాను. అక్షరాల మందం మార్చే స్లైడర్ దగ్గర మాత్రం ఓపిక పట్టండి. మందం ఎక్కువైతే ‘థ’ కడుపు నల్లగా పూడిపోతుంది, తక్కువైతే వత్తులు తెగిపోతాయి. సిరా పలచగా పడిన పేజీలకి విడిగా సరిచేసుకోవాలి. నాకు రెండు ఆదివారాలు పట్టింది. తర్వాత సీజేబీ2ని ఏ ఆప్షన్లూ లేకుండా నడిపితే నష్టం లేకుండా కుదిస్తుంది. అట్ట, ఫొటో ఉన్న పేజీ మాత్రం రంగుల్లోనే ఉంచి డెజావులిబ్రేలోనే ఉన్న సీ44 (c44)తో చేసి, అన్నిటినీ డీజేవీఎం (djvm)తో కలిపాను. మొత్తం 6 ఎంబీ.

అయితే చుట్టాల ఫోన్లలో డెజావు తెరుచుకోవడం కష్టం, దానికి వేరే యాప్ కావాలి. వాళ్ల కోసం అవే తెలుపు-నలుపు టిఫ్‌లని గ్రూప్ 4 అనే నష్టంలేని కుదింపుతో ఐఎంజీ2పీడీఎఫ్ (img2pdf) అనే ప్రోగ్రాముకి ఇచ్చాను. చిత్రాన్ని ముట్టుకోకుండా అలాగే పీడీఎఫ్‌లో పెడుతుంది. అది 13 ఎంబీ వచ్చింది, వాట్సాప్‌లో హాయిగా వెళ్లింది. మీకు నేను చెప్పేది ఈ పీడీఎఫ్ దారే. అసలు రంగుల టిఫ్‌లని మాత్రం చెరిపేయకండి, ఒక హార్డ్ డిస్క్‌లో పడేసి ఉంచండి.

పంపేముందు పేజీ పైన ‘హరికథ’ అన్న మాట ఉన్నచోట 400 శాతానికి పెంచి చూడండి. ‘థ’లో చుక్క ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.