హాస్టల్లో దొంగతనం జరిగితే ఫిర్యాదులో ‘పోయింది’ అని రాయకండి

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రైవేటు హాస్టల్లో ఉండి బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. తలుపు దగ్గరగా వేసి స్నానానికి వెళ్లొచ్చేలోపు ల్యాప్‌టాప్, ఫోను మాయమయ్యాయి. ఓనరు ‘మీ వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అన్న బోర్డు చూపించాడు. స్టేషన్లో మిస్సింగ్ అని రాసుకున్నారు. ఇప్పుడేం చేయాలి? మళ్లీ ఇలా జరక్కుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందు మీరు స్టేషన్లో ఇచ్చిన కాగితం ఒకసారి చూసుకోండి. ‘నా ల్యాప్‌టాప్ పోయింది’ అని రాసుంటారు. దొంగ ఎత్తుకెళ్లినా పోయిందనే అంటాం, బస్సులో మరిచిపోయినా పోయిందనే అంటాం, కానీ ఫిర్యాదులో ఆ మాట పడితే దొంగతనం కాస్తా మిస్సింగ్ అయిపోతుంది. ఫలానా తేదీన, ఇన్ని గంటలకు, మూడో అంతస్తు గదిలో మంచం పక్కన టేబుల్ మీదున్న ల్యాప్‌టాప్‌ను ఎవరో దొంగిలించారు అని స్పష్టంగా రాసి మళ్లీ ఇవ్వండి. మనుషులు ఉండే గదిలో దొంగతనం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 305 కిందికి వస్తుంది, ఏడేళ్ల దాకా జైలు పడుతుంది, ఎఫ్ఐఆర్ కట్టి తీరాలి, కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. కట్టకపోతే అదే ఫిర్యాదు డీసీపీకి పోస్టులో పంపండి, అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఫోను సంగతి ఇంకా తొందర. సిమ్ బ్లాక్ చేయించి డూప్లికేట్ తీసుకోండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి కదా. తర్వాత ఫిర్యాదు కాపీతో, పోయిన ఫోన్లు పనిచేయకుండా ఆపే ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్లో మీ ఫోను గుర్తింపు నంబరు, అంటే ఐఎంఈఐ బ్లాక్ చేయండి. ఆ 15 అంకెల నంబరు ఫోను డబ్బా మీద ఉంటుంది.

బోర్డు పెట్టినంత మాత్రాన ఓనరు బాధ్యత తీరిపోదు. గడియ ఊడిందని చెప్పినా బాగుచేయించకపోతే, గేటు దగ్గర ఎవరినీ పెట్టకపోతే అది సేవాలోపమే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. కాకపోతే చెప్పినట్టు రుజువుండాలి. నోటితో చెప్పి ఊరుకుంటే ఆ రోజు నాకెవరూ చెప్పలేదంటాడు, అందుకే ఇలాంటివన్నీ వాట్సాప్‌లో పెట్టండి.

దయచేసి అనుమానం ఉన్న కుర్రాణ్ని గదిలో పెట్టి గడియ వేయడం, కొట్టడం, ఫొటో గ్రూపులో పెట్టడం చేయకండి. హాస్టళ్లలో ఆవేశంలో చేసేపనే ఇది, కానీ వస్తువు పోగొట్టుకున్న మీరే అక్రమ నిర్బంధం కేసులో ముద్దాయి అవుతారు, చదువుకునే వయసులో ఆ కేసు వద్దు.

ఇక ముందు జాగ్రత్త. కొత్త ల్యాప్‌టాప్ కొన్న రోజే దాన్ని తిప్పి అడుగున స్టిక్కర్ మీది సీరియల్ నంబరు ఫొటో తీసి, బిల్లుతో కలిపి ఇంట్లోవాళ్లకు పంపండి. దొరికిన వస్తువు మీదేనని కోర్టులో చూపించి విడిపించుకోవాలంటే ఇవే ఆధారం. ఐదు నిమిషాలకు బయటికెళ్లినా సొంత తాళం వేయండి. పండక్కి ఊరెళ్తూ వార్డెన్ దగ్గర పెడితే సీరియల్ నంబరుతో చీటీ రాయించుకోండి, అప్పుడు కాంట్రాక్టు చట్టం ప్రకారం దాన్ని జాగ్రత్తగా చూసే బాధ్యత వాళ్లదే.

సీసీ కెమెరా రికార్డింగు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది. ఆ రోజుది భద్రపరచమని ఓనరుకు రాతపూర్వకంగా ఈ సాయంత్రమే ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి.